జూనియర్ హాకీయా, కాలేజీ హాకీయా? ప్రొ కాంట్రాక్ట్ మీద సంతకం ఎప్పుడు పెట్టాలి?

బ్రాంప్టన్_రమణ
అందరికీ నమస్కారం. మా అక్క కొడుకుకి 16 ఏళ్లు, ఐస్ హాకీలో డిఫెన్స్ ఆడతాడు. ఈ ఏడాది ఒక ఓహెచ్‌ఎల్ (అంటారియో జూనియర్ లీగ్) టీమ్ వాడిని తమ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకునే పద్ధతిలో, తీసుకుంది. ఇంకోవైపు అమెరికాలోని ఒక కాలేజీ కోచ్ కూడా మాట్లాడుతున్నాడు. అక్కా బావా ఇద్దరికీ హాకీ కొత్త. ఇంట్లో ఒకటే టెన్షన్. "ఇప్పుడు సంతకం పెడితే చదువు పోతుందా? పెట్టకపోతే ఎన్‌హెచ్‌ఎల్ (పెద్ద ప్రొ లీగ్) దారి మూసుకుపోతుందా?" అని నన్ను అడుగుతున్నారు. నేను ఆట చూస్తాను కానీ ఈ కాంట్రాక్టుల లెక్కలు లోతుగా తెలియవు. ఈ పిల్లలు ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ దాకా ఎలా వెళ్తారు, ఎప్పుడు సంతకం పెడతారు, ఎప్పుడు ఆగుతారు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

డెట్రాయిట్_శ్రీను
రమణ గారూ, ముందు ఒక విషయం విడదీసుకోవాలి. మీ మేనల్లుడి ముందున్నది ప్రొ కాంట్రాక్ట్ కాదు, జూనియర్ లీగ్ ఒప్పందం. ఓహెచ్‌ఎల్, డబ్ల్యూహెచ్‌ఎల్, క్యూబెక్ లీగ్ మూడూ జూనియర్ లీగ్‌లు, కలిపితే సీహెచ్‌ఎల్. అక్కడ ఆడేవాళ్లకు జీతం ఉండదు, ఖర్చులకు కొంత భత్యం ఇస్తారు. ఊరుకాని ఊళ్లో ఆడే పిల్లల్ని బిల్లెట్ కుటుంబాల ఇళ్లలో ఉంచుతారు. ఆడిన ప్రతి సీజన్‌కి ఒక ఏడాది చదువు ఫీజు కడతామని ఒప్పందంలో రాస్తారు.

ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్ వేరే సంగతి. 18 ఏళ్లు వచ్చాక ఒక క్లబ్ మీ వాడిని ఎంచుకుంటే, ఆ క్లబ్‌కి వాడితో ఒప్పందం చేసుకునే హక్కు మాత్రమే వస్తుంది. కాంట్రాక్ట్ అప్పటికి ఇంకా లేనట్టే. ఆ తర్వాత ఇద్దరూ ఒప్పుకుంటే ఎంట్రీ లెవెల్ కాంట్రాక్ట్ మీద సంతకం. అసలైన ప్రొ కాంట్రాక్ట్ అంటే అదే.

చాలా ఏళ్లపాటు తల్లిదండ్రుల్ని భయపెట్టిన విషయం ఒకటుంది. సీహెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ ఆడితే చాలు, అమెరికా కాలేజీ హాకీ దారి మూసుకుపోయేది. క్యాంప్‌కి వెళ్లినా టీమ్ ఖర్చు మీద 48 గంటలకు మించి ఉండకూడదని జాగ్రత్త పడేవాళ్లు. 2024 నవంబర్‌లో అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ ఆ నిషేధం ఎత్తేసింది, 2025 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ఓహెచ్‌ఎల్‌లో రెండేళ్లు ఆడి తర్వాత కాలేజీకి వెళ్లొచ్చు. కాబట్టి ఇవాళ మీ ఇంట్లో జరుగుతున్న గొడవ ఐదేళ్ల కిందట ఉన్నంత ప్రాణాంతకమైనది కాదు. అక్కగారికి ముందు ఈ మాట చెప్పండి.

ఓరుగల్లు_వినయ్
నేను హనుమకొండ నుంచి తెల్లవారుజామున లేచి మ్యాచ్‌లు చూసేవాడిని. నాకు అర్థం కానిది ఒకటుంది అన్నా. మన దగ్గర ఐపీఎల్ వేలంలో ఒక కుర్రాడిని కొంటే ఆ సీజన్‌కే జెర్సీ వేసుకుంటాడు. తిలక్ వర్మని 2022లో ముంబై 1.7 కోట్లకు తీసుకుంది, ఆ ఏడాదే ఆడాడు. మరి ఎన్‌హెచ్‌ఎల్‌లో మొదటి రౌండ్‌లో ఎంపికైనవాడు కూడా సంతకం పెట్టకుండా కాలేజీకి ఎందుకు పోతాడు? చేతికొచ్చిన డబ్బు వదులుకోవడం కాదా?

లక్ష్మి_బోస్టన్
వినయ్, ఈ ప్రశ్నకి జవాబు ఎంట్రీ లెవెల్ కాంట్రాక్ట్ నిర్మాణంలోనే ఉంది. ఇరవై ఏళ్లుగా బోస్టన్‌లో కాలేజీ హాకీ చూస్తున్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

ఈ కాంట్రాక్ట్‌లో బేరానికి చోటు చాలా తక్కువ. 18 నుంచి 21 ఏళ్ల మధ్య సంతకం పెడితే మూడేళ్లు, 22, 23లో పెడితే రెండేళ్లు, 24లో అయితే ఒక ఏడాది. సంతకం పెట్టిన ఏడాది సెప్టెంబర్ 15 నాటి వయసు లెక్క. జీతానికి పైహద్దు ఉంది. 2024, 2025 డ్రాఫ్టుల్లో ఎంపికైనవాళ్లకు ఏడాదికి 9,75,000 డాలర్లు. 2021 డ్రాఫ్ట్ వరకు చాలా ఏళ్లు అది 9,25,000 ఉండేది. సైనింగ్ బోనస్ ఆ మొత్తంలో పది శాతం దాటకూడదు. ఇక ప్రతిభ చూపిస్తే వచ్చే బోనస్‌లు ఉంటాయి, పై వరుసలో ఎంపికైనవాళ్లకే అవి పెద్ద మొత్తాలు.

ఆ పెద్ద జీతం కూడా ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉన్న రోజులకే. కింది లీగ్ ఏహెచ్‌ఎల్‌కి పంపితే ఏడాది జీతం డెబ్భై, ఎనభై వేల డాలర్ల దగ్గర ఆగిపోతుంది. అంటే చాలామందికి ఆ ఏడాది సైనింగ్ బోనస్ జీతం కంటే ఎక్కువ. "తొమ్మిది లక్షల కాంట్రాక్ట్" అని పత్రికలో చదివి ఊళ్లో అందరికీ చెప్పుకునే ముందు ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోవాలి.

కాబట్టి ఎంత అన్నదాని కంటే ఎప్పుడు అన్నదే పెద్ద ప్రశ్న. జానీ గాడ్రో సంగతి చూడండి. 2011లో కాల్గరీ నాలుగో రౌండ్‌లో తీసుకుంది. చిన్న శరీరం, తొందరపడలేదు, బోస్టన్ కాలేజీలో మూడేళ్లు ఆడాడు. 2014 ఏప్రిల్‌లో కాలేజీ హాకీలో అత్యున్నతమైన హోబీ బేకర్ అవార్డు గెలిచి, వెంటనే కాల్గరీతో సంతకం పెట్టి, ఆ సీజన్ చివరి మ్యాచ్ ఆడి గోల్ కొట్టాడు. ఆ ఒక్క మ్యాచ్‌తో మూడేళ్ల కాంట్రాక్ట్‌లో మొదటి ఏడాది అయిపోయినట్టు లెక్క. దాంతో 2016లోనే కొత్త బేరానికి కూర్చున్నాడు. ఆరేళ్లకు 4.05 కోట్ల డాలర్లు. ఒక్క మ్యాచ్ ఆడి బేరాన్ని ఏడాది ముందుకు తెచ్చుకున్నాడు. 2024 ఆగస్టులో అతను పోయినప్పుడు ఈ ఊళ్లో ఎంతమంది ఏడ్చారో నేను చూశాను. మంచి ఆటగాడు, మంచి మనిషి.

డెట్రాయిట్_శ్రీను
లక్ష్మి గారు చెప్పినదానికి రెండో వైపు కూడా ఉంది. కాలేజీ కుర్రాడికి "ఏడాది ఖర్చవడం" లాభం. 18, 19 ఏళ్ల జూనియర్ కుర్రాడి విషయంలో క్లబ్ ఆ ఏడాది ఖర్చవకుండా చూసుకుంటుంది. సంతకం పెట్టినా, ఆ సీజన్‌లో పది ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు ఆడకపోతే కాంట్రాక్ట్ ఒక ఏడాది వెనక్కి జరుగుతుంది. అందుకే అక్టోబర్‌లో ఒక కుర్రాడు తొమ్మిది మ్యాచ్‌లు ఆడగానే "పదోది ఆడిస్తారా, జూనియర్‌కి పంపిస్తారా" అని అంత చర్చ.

జూనియర్‌లో ఉన్నవాడు ఎన్‌హెచ్‌ఎల్ కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టి కూడా తన పాత జూనియర్ టీమ్‌కి తిరిగి వెళ్లి ఆడొచ్చు. కాలేజీవాడికి ఆ వీలు లేదు. సంతకం పడిన రోజుతో అతని కాలేజీ హాకీ అయిపోయినట్టే. 2021లో మొదటి ఎంపిక ఓవెన్ పవర్ బఫెలో క్లబ్‌తో సంతకం కోసం పరుగెత్తకుండా మిషిగన్ యూనివర్సిటీకి తిరిగి వెళ్లి, 2022 ఏప్రిల్‌లో పెట్టాడు. అదే డ్రాఫ్ట్‌లో రెండో ఎంపిక మ్యాటీ బెనియర్స్ కూడా అంతే. ఇద్దరికీ నష్టమేం జరగలేదు.

సర్రే_సత్యం
డ్రాఫ్ట్ అయినవాళ్ల గురించే అందరూ మాట్లాడుతున్నారు. అసలు ఎవరూ ఎంచుకోని పిల్లల గురించి నేను చెప్తాను, ఎందుకంటే మన పిల్లల్లో ఎక్కువమంది ఆ వరుసలోనే ఉంటారు.

మా సర్రేలో పుట్టి పెరిగిన పంజాబీ కుర్రాడు అర్ష్‌దీప్ బైన్స్. ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్టుల్లో పేరు పిలవలేదు. రెడ్ డీర్ టీమ్‌కి డబ్ల్యూహెచ్‌ఎల్‌లో ఆడుతూనే ఉన్నాడు. 2021-22లో 68 మ్యాచ్‌ల్లో 112 పాయింట్లు (కొట్టిన గోల్స్, గోల్‌కి అందించిన పాస్‌లు కలిపి), లీగ్‌లో అందరికంటే ఎక్కువ. ఆ సీజన్ ముగియకముందే, 2022 మార్చిలో వాంకూవర్ మూడేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చింది. తర్వాత అబాట్స్‌ఫర్డ్‌లో ఏహెచ్‌ఎల్ ఆడాడు, 2024 ఫిబ్రవరిలో ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టాడు, 2025లో అబాట్స్‌ఫర్డ్ ఏహెచ్‌ఎల్ టైటిల్ కాల్డర్ కప్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. ఇక్కడి గురుద్వారాల్లో, రింకుల్లో చిన్నపిల్లలకు ఆ కుర్రాడు చూపించిన దారి ఎంత విలువైనదో మాటల్లో చెప్పలేను.

డ్రాఫ్ట్ అవ్వనివాడికి ఒక మంచి ఉంది. అతను ఎవరి సొత్తూ కాదు. తనని ఏ క్లబ్ నిజంగా ఆడించాలనుకుంటోందో చూసి ఎంచుకోవచ్చు. ఆఖరి రౌండ్‌లో ఎంపికై, సంతకం కోసం ఏళ్లు ఎదురుచూసేవాడి కంటే ఒక్కోసారి ఇతని పరిస్థితే మెరుగు. కాలేజీలోనూ ఇదే. టోరీ క్రుగ్ మిషిగన్ స్టేట్ నుంచి, టైలర్ బోజాక్ డెన్వర్ నుంచి డ్రాఫ్ట్ లేకుండానే వచ్చి ఏళ్ల తరబడి ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడారు. ప్రతి మార్చి, ఏప్రిల్‌లో కాలేజీ సీజన్ ముగుస్తుంటే ఇలాంటివాళ్ల కోసం క్లబ్‌లు ఇళ్ల ముందు వరుస కడతాయి.

కృష్ణాతీరం
నాకు ఒక విషయం అస్సలు నచ్చదు. డ్రాఫ్ట్ చేసిన క్లబ్‌ని వద్దని వేరే క్లబ్‌కి పోవడం. కటర్ గోతియే ఫిలడెల్ఫియాకి చేసిందేమిటి? 2022లో ఐదో ఎంపికగా తీసుకున్నారు, రెండేళ్లు నమ్ముకున్నారు. సంతకం పెట్టనన్నాడు. చివరికి 2024 జనవరిలో అనాహైమ్‌కి ట్రేడ్ చేయాల్సి వచ్చింది. మాట ఇచ్చాక నిలబడాలి కదా.

లక్ష్మి_బోస్టన్
మాట ఎక్కడ ఇచ్చాడు? డ్రాఫ్ట్‌లో పేరు చదివింది క్లబ్. కుర్రాడిని అడిగి చదవలేదు. పద్దెనిమిదేళ్ల పిల్లాడు ఎవరి దగ్గర పనిచేయాలో ఇంకొకరు నిర్ణయిస్తే, అతని చేతిలో మిగిలింది సంతకం పెట్టడం, పెట్టకపోవడం మాత్రమే. ఆ ఒక్కటీ వాడుకుంటే తప్పు అంటే ఎలా?

పైగా అనాహైమ్ ఊరికే తీసుకోలేదు. జేమీ డ్రైస్‌డేల్‌ని, ఒక రెండో రౌండ్ ఎంపికని ఇచ్చింది. ఫిలడెల్ఫియా ఖాళీ చేతులతో మిగల్లేదు.

కృష్ణాతీరం
ఫిలడెల్ఫియాకి దొరికింది సరే. నాష్‌విల్‌కి ఏం దొరికింది? జిమ్మీ వీసీ 2012 ఎంపిక. హార్వర్డ్‌లో నాలుగేళ్లు చదివే వరకు ఓపిక పట్టారు. 2016లో హోబీ బేకర్ గెలిచాడు, సంతకం పెట్టలేదు. నాష్‌విల్ అతని హక్కులు బఫెలోకి మూడో రౌండ్ ఎంపికకి ఇచ్చేసింది. నాలుగేళ్లు చదివినవాడి మీద క్లబ్ హక్కు ఆగస్టు 15తో అయిపోతుంది, అది దాటగానే బఫెలోని కూడా కాదని న్యూయార్క్ రేంజర్స్‌కి వెళ్లాడు. అందరూ ఇలాగే చేస్తే చిన్న నగరాల క్లబ్‌లు డ్రాఫ్ట్ చేసి ఏం లాభం?

డెట్రాయిట్_శ్రీను
కృష్ణాతీరం గారి బాధలో న్యాయం ఉంది, కాదనను. ఆ ఆగస్టు 15 గడువుని కెవిన్ హేస్, విల్ బుచర్ కూడా వాడుకున్నారు. కాలేజీ నాలుగేళ్లు పూర్తిచేస్తే ఇప్పటిదాకా ఆ దారి ఉంది. కానీ అంత ఓపిక పట్టేవాళ్లు కొద్దిమందే. దానికి మూల్యం కూడా ఉంది. 22 ఏళ్లకు మొదలుపెట్టేవాడికి పెద్ద డబ్బు వచ్చే ఏళ్లు తగ్గిపోతాయి. పూర్తి స్వేచ్ఛతో ఏ క్లబ్‌కైనా వెళ్లే హక్కు ఏడు సీజన్లు ఆడాక గానీ, 27 ఏళ్లు వచ్చాక గానీ రాదు. 18, 19లో ఎన్‌హెచ్‌ఎల్‌లో స్థిరపడినవాడు పాతికేళ్లకే అక్కడికి చేరతాడు.

ఆడం ఫాక్స్ కథ నాకు ఎక్కువ ఆలోచించదగ్గదిగా అనిపిస్తుంది. 2016లో కాల్గరీ ఎంపిక, 2018లో కరోలినాకి ట్రేడ్, అక్కడా సంతకం లేదు. 2019లో న్యూయార్క్ తీసుకుంది. 2021లో లీగ్‌లో అత్యుత్తమ డిఫెన్స్‌మన్‌గా నోరిస్ ట్రోఫీ. సొంత ఊరికి దగ్గరగా ఆడాలనుకున్నాడు, ఆడాడు. కానీ వాళ్లందరి దగ్గరా ఒకటి ఉంది. వాళ్లు లేకపోతే క్లబ్ బాధపడేంత ఆట. ఐదో రౌండ్ ఎంపిక "నేను సంతకం పెట్టను" అంటే క్లబ్ "సరే నాయనా" అంటుంది. ఒక క్లబ్ 50 కాంట్రాక్టుల కంటే ఎక్కువ పెట్టుకోకూడదు. ఆ చోటు ఖాళీ అయితే వాళ్లకే మేలు.

బ్రాంప్టన్_రమణ
అందరికీ చాలా థాంక్స్. ఒకటి అడుగుతాను. మా ఊరి టీమ్ స్టీల్‌హెడ్స్‌లో ఆడిన పోర్టర్ మార్టోన్‌ని 2025లో ఫిలడెల్ఫియా ఆరో ఎంపికగా తీసుకుంది. వెంటనే సంతకం పెడతాడనుకుంటే మిషిగన్ స్టేట్‌కి వెళ్లాడు. ఇక్కడ బ్రాంప్టన్‌లో అందరికీ ఆశ్చర్యం. జూనియర్‌లో అంత బాగా ఆడినవాడికి కాలేజీలో ఏం దొరుకుతుంది?

డెట్రాయిట్_శ్రీను
మంచి ప్రశ్న. మీ మేనల్లుడికి కూడా రెండేళ్లలో ఇదే ఎదురవుతుంది.

సీహెచ్‌ఎల్ నుంచి డ్రాఫ్ట్ అయిన కుర్రాడికి 20 వచ్చేదాకా రెండే చోట్లు ఉండేవి. ఎన్‌హెచ్‌ఎల్, లేదా తిరిగి జూనియర్. మధ్యలో ఉన్న ఏహెచ్‌ఎల్‌కి పంపకూడదని రెండు లీగ్‌ల మధ్య ఒప్పందం. జూనియర్‌లో నేర్చుకోవాల్సింది అయిపోయి, ఎన్‌హెచ్‌ఎల్‌కి ఇంకా సరిపోని 19 ఏళ్లవాడు ఇరుక్కుపోయేవాడు. ఇప్పుడు వాడికి మూడో చోటు దొరికింది. కాలేజీలో 22, 23 ఏళ్ల మగాళ్లతో ఆడతాడు. ఓహెచ్‌ఎల్‌లో 68 మ్యాచ్‌లు, బస్సుల్లో తిరుగుడు. కాలేజీలో దాదాపు దానికి సగమే, ఎక్కువగా శుక్ర శనివారాల్లో. మిగతా వారమంతా జిమ్, ప్రాక్టీస్. బలం పెంచుకోవాల్సిన కుర్రాడికి అది బంగారం. 2024లో నాలుగో ఎంపిక కేడెన్ లిండ్‌స్ట్రోమ్ కూడా డబ్ల్యూహెచ్‌ఎల్ టీమ్ మెడిసిన్ హ్యాట్ నుంచి మిషిగన్ స్టేట్‌కే వచ్చాడు. ఆ మెడిసిన్ హ్యాట్ నుంచే గావిన్ మెకెన్నా డ్రాఫ్ట్ కంటే ముందే పెన్ స్టేట్‌కి వచ్చాడు.

దీనివల్ల మారిన అసలు విషయం ఇది. ఒకప్పుడు జూనియర్ కుర్రాడు 18కే సంతకం పెడితే పోయేదేమీ లేదు, ఎలాగూ జూనియర్‌కే తిరిగి వెళ్తాడు. ఇప్పుడు అదే సంతకం కాలేజీ తలుపు మూసేస్తుంది. కాబట్టి జూనియర్ పిల్లలు కూడా కాలేజీ పిల్లల్లాగే ఆగి ఆలోచిస్తున్నారు.

మరో మార్పు రాబోతోంది. 2026 సెప్టెంబర్ నుంచి అమలయ్యే కొత్త ఎన్‌హెచ్‌ఎల్ ఒప్పందంలో ఒక్కో క్లబ్ ఒక్క 19 ఏళ్ల సీహెచ్‌ఎల్ ఆటగాడిని ఏహెచ్‌ఎల్‌కి పంపొచ్చు. జూనియర్ ఎంపికల్ని రెండేళ్లలో, జూన్ 1 లోపు సంతకం చేయించుకోవాలన్న పాత గడువు కూడా మారి, 18లో డ్రాఫ్ట్ అయినవాళ్లందరికీ నాలుగో జూన్ 1 వరకు క్లబ్ హక్కు ఉంటుంది. పాత పద్ధతిలో సంతకం దొరకనివాడు మళ్లీ డ్రాఫ్ట్‌లోకి వెళ్లేవాడు. జారెట్ స్టోల్‌ని 2000లో కాల్గరీ తీసుకుని సంతకం చేయించుకోకపోతే, 2002లో ఎడ్మంటన్ మళ్లీ డ్రాఫ్ట్ చేసింది. ఆ వెసులుబాటు ముందుతరం జూనియర్ పిల్లలకి ఉండేది, ఇకమీదట అంత తొందరగా రాదు.

మాధవి_డల్లాస్
ఇక్కడ ఎవరూ వీసా గురించి మాట్లాడలేదు. రమణ గారూ, మీ మేనల్లుడు కెనడా పౌరుడైతే అమెరికా కాలేజీకి వచ్చేది మామూలుగా ఎఫ్-1 విద్యార్థి వీసా మీదే. ఎఫ్-1 అంటే ఏమిటో ఈ వేదికలో సగంమందికి అనుభవంతో తెలుసు. క్యాంపస్ బయట పనిచేసి సంపాదించకూడదు. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, ఫొటో వాడుకునే హక్కులతో డబ్బు తీసుకోవచ్చు. 2025 జూలై నుంచి కాలేజీలే నేరుగా ఆటగాళ్లకు ఆదాయంలో వాటా ఇస్తున్నాయి. కానీ అమెరికన్ కుర్రాడు రెండు నిమిషాల్లో ఒప్పుకునే ప్రకటన, విదేశీ విద్యార్థి ఒప్పుకుంటే స్టేటస్ ప్రమాదంలో పడొచ్చు. కాలేజీ కోచ్ ఎంత ఇస్తామన్నా, "ఈ డబ్బు మా వాడి వీసా మీద ఎలా ఇస్తారు, ఎక్కడ ఉండి చేసిన పనికి ఇస్తారు" అని రాతపూర్వకంగా అడగండి. కోచ్ మాట సరిపోదు. ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి చూపించండి. హెచ్1బీ కాగితాలకి ఎంత జాగ్రత్త పడతామో దీనికీ అంతే పడాలి.

ఓరుగల్లు_వినయ్
మరి ఏజెంట్? ఈ వయసులోనే పెట్టుకోవాలా?

లక్ష్మి_బోస్టన్
కాలేజీకి వెళ్లాలనుకునే పిల్లలకు ఏజెంట్ ఉండటం మీద ఎన్‌సీఏఏ ఆంక్షలు ఉండేవి కాబట్టి, హాకీలో "ఫ్యామిలీ అడ్వైజర్" అనే పేరుతో ఒక మనిషి ఉంటాడు. సలహా ఇస్తాడు, కుర్రాడు ప్రొ అయ్యాక అతనే ఏజెంట్ అవుతాడు. అడ్వైజర్ ఉండటం మంచిదే. కానీ ఒకటి గమనించాలి. కుర్రాడు సంతకం పెట్టిన రోజు నుంచే అతనికి ఆదాయం. తొందరగా పెట్టమని చెప్పే ప్రతివాడూ మోసగాడని అనను, చాలామంది నిజాయితీపరులు. "మా వాడు ఇంకో ఏడాది చదివితే మీకేం అభ్యంతరం" అని సూటిగా అడిగి, జవాబు చెప్తున్నప్పుడు మొహం చూడండి.

క్లబ్ మీద కూడా అడగాల్సినవి ఉన్నాయి. ఎడమ వైపు డిఫెన్స్‌లో వాళ్ల దగ్గర ఇప్పటికే ఎంతమంది పిల్లలు ఉన్నారు? గత నాలుగేళ్లలో కాలేజీ నుంచి తెచ్చినవాళ్లు ఏహెచ్‌ఎల్‌లో ఎన్నాళ్లు ఉన్నారు? మార్చిలో సంతకం పెడితే మిగిలిన మ్యాచ్‌లు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడిస్తారా, లేక కాంట్రాక్ట్ వచ్చే సీజన్ నుంచి మొదలుపెట్టి ఇప్పటికి ట్రైఅవుట్ (తాత్కాలిక పరీక్షా ఒప్పందం) మీద ఏహెచ్‌ఎల్‌కి పంపుతారా? ఈ చివరి దాని మీదే ఏడాది ఖర్చవుతుందా లేదా అన్నది ఆధారపడుతుంది. జీతంలో బేరం లేదు కాబట్టి మంచి ఏజెంట్లు బేరమాడేది ఇక్కడే.

సర్రే_సత్యం
రమణ గారూ, నాది ఒక్క మాట. నేను ఇక్కడ రింకులో చూసే పిల్లల్లో వందకి తొంభైమందికి పైగా ఎన్‌హెచ్‌ఎల్ కాంట్రాక్ట్ దాకా వెళ్లరు. అది వాళ్ల తప్పు కాదు. అక్కడ చోటే అంత. కాబట్టి జూనియర్ ఒప్పందంలో చదువు ఫీజు గురించి రాసిన పేజీని అన్నిటికంటే జాగ్రత్తగా చదవండి. ఏ యూనివర్సిటీ ఫీజు లెక్కన ఇస్తారు? ట్యూషన్ మాత్రమేనా, పుస్తకాలు, హాస్టల్ కూడానా? గాయమై మధ్యలో ఆగిపోతే ఆ సీజన్ లెక్కలోకి వస్తుందా? వేరే టీమ్‌కి ట్రేడ్ చేస్తే ఎవరు కడతారు? ప్రొ కాంట్రాక్ట్ మీద సంతకం పెడితే ఆ ఫీజు హక్కు ఏమవుతుంది, జూనియర్ అయిపోయాక ఎన్ని నెలల్లోపు కాలేజీలో చేరాలి? చిన్న ప్రొ లీగ్‌లో రెండేళ్లు ప్రయత్నించి తిరిగొచ్చిన పిల్లాడికి ఆ గడువు దాటిపోయిందని తెలిస్తే ఆ ఇంట్లో ఎలా ఉంటుందో ఊహించండి.

బ్రాంప్టన్_రమణ
సత్యం గారూ, మీ ప్రశ్నలన్నీ రాసుకున్నాను. శ్రీను గారు చెప్పిన మార్పు విన్నాక బావగారికి కొంచెం ఊపిరి ఆడింది. ఓహెచ్‌ఎల్ ఒప్పందం మీద సంతకం పెట్టినా కాలేజీ దారి ఉంటుంది, ఎన్‌హెచ్‌ఎల్ కాంట్రాక్ట్ పెడితేనే పోతుంది. నాకు అర్థమైంది ఇదేనా?

డెట్రాయిట్_శ్రీను
ఇప్పుడున్న నిబంధనల ప్రకారం అంతే. ఒక షరతు మాత్రం ఉంది. జూనియర్‌లో వాడు తీసుకునేది అసలు ఖర్చులకు మించకూడదు. టీమ్ ఇచ్చే ప్రతి డబ్బుకీ కాగితం దాచుకోండి, ఎంత చిన్నదైనా. రేపు కాలేజీ వాళ్లు అర్హత పరిశీలించేటప్పుడు అడుగుతారు. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు ఎన్‌సీఏఏ గుర్తించే సబ్జెక్టులు వాడి స్కూల్లో ఉన్నాయో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. జూనియర్ టీమ్ కోసం ఊరు మారితే స్కూల్ మారుతుంది. అక్కడ ఒక మ్యాథ్స్ కోర్సు తప్పిపోతే, మూడేళ్ల తర్వాత ఎంత మంచి ఆటగాడైనా మొదటి సీజన్ బయట కూర్చోవాల్సి రావచ్చు.

మాధవి_డల్లాస్
కొత్త స్కూల్ కౌన్సెలర్‌తో ఆ మాట టీమ్ వాళ్లు మాట్లాడతారని వదిలేయకండి. అక్కగారినే మాట్లాడమనండి. ఓహెచ్‌ఎల్ ఒప్పందం కాపీ మీకు ఎప్పుడు ఇస్తామన్నారు?

బ్రాంప్టన్_రమణ
వచ్చే వారం. స్పోర్ట్స్ ఒప్పందాలు చూసే లాయర్‌కి చూపించాకే సంతకం అని అక్క గట్టిగా చెప్పేసింది. కాగితాలు చేతికొచ్చాక, పేర్లు తీసేసి, చదువు ఫీజు క్లాజులో ఏముందో ఇక్కడే రాస్తాను.